దారం పరీక్ష

పలాసలో దర్జీలకు సామాన్లమ్మే దుకాణానికి దారం కొనడానికి వెళ్ళాను. కొట్టాయన తెల్లదారం ఉండ నుంచి మూరెడు లాగి, రెండు చేతులతో పట్టుకొని టప్పున తెంపి చూపించాడు.

"సూడండి మాస్టారూ, ఇది ఊరికే తెగిపోతాది. గట్టిది గావాలంటే నైలాన్ ఇత్తాను."

నాకు కావలసింది ఊరికే తెగిపోయేదే. ఆ మాట ఆయనతో అనలేకపోయాను. ఉండను జేబులో వేసుకొని బయటికి వచ్చాను గాని, తెగేటప్పుడు ఆ దారం చేసిన చిన్న చప్పుడు నాతోపాటే వచ్చింది.

ఆ ఉదయమే పరుగు కమిటీ అధ్యక్షుడు ఫోన్ చేశాడు. పలాస నుంచి సముద్రపు ఒడ్డు దాకా మేము ఏటా ఒక పరుగు నడుపుతాము. టెక్కలి కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక దారి కొలవడం, సమయాలు సరిచూడడం, ఫిర్యాదులు విచారించడం నా పని. "ఈసారి సూపు లేనోళ్ళకి వేరే బహుమతి పెట్టేం మాస్టారూ" అన్నాడాయన ఉత్సాహంగా. "కవిటి వైపు నుంచి ఒకమ్మాయి పేరిచ్చింది. మీ దారం పరీక్షే పెడదాం. మన పరుగుకి అదో పేరు." ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పరీక్ష నేను కల్పించినదే. దానికి మొదట నిలబడినవాడు పోయిన వర్షాకాలంలో చనిపోయాడు. మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. ఆ జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానంలో ఆ మాట విన్నాక ఎవరూ రెండో ప్రశ్న అడగరు. ఏ మాటనైనా ఆధారం అడగకుండా వదలని నేను కూడా అడగలేదు.

అతని పేరు ఇక్కడ రాయను. ఆ పేరును ఒక్కసారి సముద్రపు ఒడ్డున మైకులో వినాలని అతను కోరుకున్నాడు. అప్పుడు చదవని పేరును ఇప్పుడు నా వ్యాసంలో అలంకారంగా పెట్టుకోవడం న్యాయం కాదు.

పొడుగు మనిషి. తల ఎప్పుడూ ఎడమ భుజం వైపు కొంచెం వాలి, కుడి చెవి ముందుకు వచ్చి ఉండేది. నల్లకళ్ళద్దాలు లేకుండా గడప దాటేవాడు కాదు. ఎండకా అని అడిగితే "ఇస్టయిలుకండి" అనేవాడు. మీసం మీద అపారమైన శ్రద్ధ. పూండిలో క్షవరం చేయించుకున్న రోజున దారిలో తగిలిన ప్రతివాళ్ళనూ "ఎలాగుందండి?" అని విడివిడిగా అడిగేవాడు. ఒకరు బాగుందంటే అతనికి చాలేది కాదు. తరవాతి మనిషికి "ఎడం పక్కన తక్కువైపోయింది గదండి?" అని కావాలని తప్పు ప్రశ్న వేసేవాడు. ఆ మనిషి మొగమాటానికి అవునన్నాడా, ఇక ఆ సాక్ష్యం చెల్లదు. రుజువు విషయంలో అంత కఠినంగా ఉండే మనిషిని నా ఉద్యోగంలో కూడా చూడలేదు.

తన సంగతి వచ్చేసరికి మాత్రం ఆ కాఠిన్యం ఉండేది కాదు. చూపు ఎలా పోయిందని అడిగితే ఒకసారి పిడుగును చూశానన్నాడు. ఇంకోసారి దీపావళి మందు పేలిందన్నాడు. మరోసారి, తన భార్య వింటూ ఉండగా, "పెళ్ళిసూపుల్లో ఈవిడ్ని సూసీసేను, ఇంకేటి సూత్తామని మూసీసేను" అన్నాడు. ఆమె చేతిలోని చేపను అతని మీదికి విసిరింది. ఈ కథలు ఒకదానితో ఒకటి పొసగవని నేను గుర్తుచేస్తే, "మీకు నచ్చింది ఉంచుకోండి మాస్టారూ, మిగతావి ఇంకెవులికైనా సెప్తాను" అని నవ్వాడు.

గొప్పలు కూడా చెప్పేవాడు. పలాసలో ఏ వీధిలో నిలబెట్టినా, జీడిగింజలు కాల్చే వాసనను బట్టి అది ఎవరి ఫ్యాక్టరీయో చెప్పగలనన్నాడు. అతని అక్క మొగుడు పలాసలో ఆటో నడుపుతాడు. ఆ ఆటోలోనే అతన్ని ఊరంతా తిప్పి పరీక్షించాను. ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు.

"గాలి తిరిగిపోయింది మాస్టారూ" అన్నాడు.

"గాలి కాదు బావా, నీ ముక్కు తిరిగిపోయింది" అన్నాడు ఆటో నడుపుతున్న బావ.

అతను చెప్పిన మాటల్లో తప్పని తేలినవి చాలా ఉన్నాయి. అందుకే అతను చెప్పిన ప్రతిదీ అనుమానించదగినదే అనుకున్నాను. ఇది తర్కం కాదని ఇప్పుడు రాస్తున్నప్పుడు స్పష్టంగా కనబడుతోంది. అప్పుడు తర్కంలాగే కనబడింది.

అతన్నీ ఆ బావనూ నేను మొదట చూసింది జీడిపప్పు వ్యాపారుల సంఘం గదిలో, కమిటీ సమావేశం నాడు. అధ్యక్షుడు లేచి ఎదురు వెళ్ళి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన చెడ్డమనిషి కాదు.

"నువ్వొచ్చేవు, అదే మాకు గౌరవం. జెండా ఊపినప్పుడు నిన్ను ముందు నిలబెడతాం. నాలుగడుగులు పరిగెట్టు. ఫొటోలు తీత్తారు. శాలువా కప్పుతాం."

"శాలువా ఏసుకుంటే ఉక్కపోత్తాదండి" అన్నాడతను. "నంబరియ్యండి, సముద్రం కాడికి ఎల్లిపోతాను. అందరి పేర్లతోపాటు నా పేరు కూడా మైకులో సదవండి. సాలు."

"అంత దూరం ఎలాగెల్తావు?"

బావ మొలలోంచి మూరెడు వలతాడు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు కొసలా ముడివేసి ఉంది. "ఈ కొస ఆడు, ఈ కొస నాను పట్టుకుంటామండి. రోజూ ఒడ్డంట ఇలాగే పరిగెడతాం."

అధ్యక్షుడు ఆ తాడును వేలితో ఎత్తి చూశాడు. "తాడంటే లాగడానికే గదేటి" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తల ఊపారు. మా తీరంలో వలను తాడుతో లాగుతారు, తెప్పను తాడుతో లాగుతారు, మొండికేసిన ఎద్దును కూడా తాడుతోనే లాగుతారు. ఇద్దరి మధ్య తాడు ఉంటే ఒకడు లాగుతున్నాడు, రెండోవాడు లాగబడుతున్నాడు. తాడును ఎన్నడూ పట్టి ఎరగని ఊళ్ళో అయితే ఇది ఎందుకని అడిగి తెలుసుకునేవారేమో. మాకు తాడు తెలుసు. అందువల్ల ఎవరమూ అడగలేదు.

నేను లేచి, లాగుతున్నాడో లేదో పరీక్షించవచ్చునన్నాను. తాడుకు బదులు ఒంటి పేట కుట్టుదారం కడదాము. కొద్దిపాటి బలానికే అది తెగుతుంది. సముద్రం దాకా తెగకుండా చేరితే, లాగలేదని రుజువైనట్టే. అప్పుడు పేరు చదువుదాము. గదిలో కొందరు చప్పట్లు కొట్టారు. రెండు వైపులా న్యాయం చేసే పరిష్కారం దొరికిందని అధ్యక్షుడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఎవరో దారం తెచ్చి అతని చేతిలో పెట్టారు. వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు.

"ఇది తెగకపోతే పేరు సదువుతారు?"

"చదువుతాము" అన్నాను.

"మంచిదండి. మరి మిగతావోళ్ళకేటి కడతారు?"

గది అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరమూ జవాబు చెప్పలేదు. అది చమత్కారమని అనుకున్నాము.

పరుగుకు ముందు ఒకసారి సముద్రం ఒడ్డునున్న వాళ్ళ ఊరు వెళ్ళాను, అతను నిజంగా అంత దూరం పరుగెత్తగలడో లేదో చూడడానికి. ఆ ఉదయం ఒడ్డున పెద్ద వల లాగుతున్నారు. వలను తెప్ప మీద లోపలికి తీసుకెళ్ళి వంపుగా వదిలివస్తారు. దాని రెండు కొసల తాళ్ళను రెండు జట్లు ఒడ్డున నిలబడి లాగుతాయి. అతను వరసలో మధ్యన, నల్లకళ్ళద్దాలతో సహా, మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి వాలి లాగుతున్నాడు. వరస చివర ఒక ముసలామె తాడు మీద చెయ్యి వేసి నడుస్తోంది. వల ఒడ్డుకు చేరాక ఆమెకు కూడా అందరితో సమానంగా చేపల్లో పాలు పెట్టారు. తాడు మీద చెయ్యి వేసిన వాళ్ళందరికీ పాలు ఉంటుందట.

"ఆమె లాగలేదు కదా, ఊరికే పట్టుకుంది" అన్నాను.

"సెయ్యేసిందా లేదా?" అన్నాడతను.

"వేసింది."

"మరింకేటి?"

"ఎవులెంత లాగేరో మాస్టారు లెక్క తేల్చీసరికి సేపలు కంపు కొడతాయి!" అని పక్కనున్న ఒకామె అంది. ఒడ్డంతా నవ్వింది. చెయ్యి వేయడానికీ లాగడానికీ తేడా చూడని ఆ పద్ధతి నాకు వింతగా తోచింది. ఆ వింతను పట్టుకొని ఇంటికి వచ్చాను గాని, దానికీ నా పరీక్షకూ సంబంధం ఉందన్న ఆలోచన రాలేదు. కళ్ళెదుట ఉన్న ఆధారాన్ని చూడనివాళ్ళను నేను తరగతిలో కూర్చోనిచ్చేవాణ్ణి కాదు.

పరుగు నాడు అతని కుడి మణికట్టుకూ బావ ఎడమ మణికట్టుకూ నేనే దారం కట్టాను. తెల్లవారుతుండగా జెండా ఊపారు. దారాన్ని కనిపెట్టి ఉండడానికి వాళ్ళ వెనక స్కూటరు మీద బయలుదేరాను. అంతమంది పరుగెత్తుతుంటే వాళ్ళిద్దరి వెనకే వెళ్ళాను. ముందు పోతున్న ఒక యువకుడికి ఎదురుగాలి తగలకుండా అతని స్నేహితుడు మోటారుసైకిలు అడ్డుగా నడుపుతున్నాడు. ఇంకొకరికి తమ్ముడు పక్కనే పరుగెత్తుతూ వేగం చెబుతున్నాడు, మీద నీళ్ళు పోస్తున్నాడు. అవన్నీ చూశాను. సహాయమన్న మాట నా మనసులోకి రాలేదు. వాళ్ళ మధ్య తాడు లేదు కదా.

అతను పరుగెత్తినంతసేపూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"బావా, జీడితోటలొచ్చేయి గదా?"

"మాటాడకు, ఊపిరి సాల్దు."

"నా ఊపిరి సంగతి నీకెందుకు? నువ్వు దారం సూడు."

ముందు వెళ్తున్నవాళ్ళను దాటవలసి వస్తే, "తప్పుకోండి బాబూ, నాకు కళ్ళు లేవు, మీకున్నాయి గదా!" అని అరిచేవాడు. వాళ్ళు ఉలిక్కిపడి తప్పుకునేవారు. అలా ఒకరి తరవాత ఒకరిని చాలామందిని దాటాడు. ఇద్దరి మధ్య దారం ఊయలలాగా వదులుగా ఊగుతూనే ఉంది. అంత వదులుగా ఉన్న దారంతో ఎవరూ ఎవరినీ లాగలేరు. నా ప్రశ్నకు జవాబు సగం దారిలోనే దొరికింది. అయినా పరీక్ష ఆపలేదు.

పూండి దాటాక, కొబ్బరికాయలు రెండు పక్కలా వేలాడగట్టుకున్న మోటారుసైకిలొకటి తోటలోంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి వచ్చింది. బావ "ఓలమ్మో!" అని అరిచి అతని భుజం పట్టి పక్కకు గుంజాడు. ఇద్దరూ పడ్డారు. కాయలు రోడ్డంతా దొర్లాయి. అతని మోకాలు చీరుకుపోయింది. కళ్ళద్దాలు ఎటో పడ్డాయి. ఏమయిందని అతను అడగలేదు.

"తెగిందా?" అన్నాడు.

బావ అతని మోకాలు తుడుస్తున్నాడు.

"తెగిందా అనడుగుతన్నాను!"

"తెగింది బావా."

స్కూటరు చప్పుడు వినబడుతున్న వైపు తిరిగి, దారపు కొస వేలాడుతున్న చెయ్యి పైకెత్తాడు. "మాస్టారూ, సూసేరు గదా? బండొచ్చింది."

"చూశాను" అన్నాను.

బావ తన తువ్వాలు తీశాడు. చెరో కొసా పట్టుకొని, కుంటుకుంటూనే మళ్ళీ పరుగెత్తారు. సముద్రపు ఒడ్డుకు వాళ్ళు చేరేసరికి వెనక ఇంకా బోలెడుమంది ఉన్నారు. మైకు పట్టుకున్న అధ్యక్షుడు నన్ను చూసి, "మాస్టారూ, దారం ఉందా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

నిజమే. ఒక్క అక్షరం కూడా తప్పు కాదు. ఎందుకు లేదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. దారం తెగకపోతే లాగలేదని రుజువు. కాని తెగినంత మాత్రాన లాగినట్టు రుజువు కాదు. ఈ తేడా తెలియని విద్యార్థికి నేను మార్కులు తగ్గించేవాణ్ణి. ఆ రోజు తెలియకపోవడం కాదు. పెట్టిన నియమం అందరి ఎదుట నిలబడాలి, దాన్ని పెట్టినవాడిగా నా మాట నిలబడాలి. కారణం అంతకన్నా గొప్పది కాదు.

మైకు ఎటు ఉందో చెవితో పోల్చుకొని అతను అటే తిరిగి నిలబడ్డాడు. పేర్లు ఒకటొకటే వస్తున్నాయి. అతని తరవాత చాలాసేపటికి వచ్చినవాళ్ళ పేర్లు కూడా చదివారు. ఒక్కొక్క పేరుకూ ముందు అతని గడ్డం కొంచెం పైకి లేచి, పేరు వినబడగానే దిగేది. మైకు ఆపాక కాసేపు వచ్చే గురగుర కూడా ఆగిపోయేదాకా తల తిప్పలేదు. అధ్యక్షుడు ఆప్యాయంగా వచ్చి శాలువా కప్పాడు. అతను దాన్ని తడుముకొని తీసి, వెతుక్కుంటూ బావ భుజాల మీద కప్పాడు.

"నన్ను లాగినోడు ఈడేనటండి. ఈడికే కప్పాల."

జనం నవ్వారు. బావ శాలువా అంచు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మరుసటి ఏడు అతను రాలేదు. ఆ తరవాత పలాస ఆసుపత్రి ముందు, బావ ఆటోలోంచి దిగుతుండగా కలిశాను. మనిషి చిక్కిపోయాడు. మీసం మాత్రం నిక్కచ్చిగా ఉంది. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వస్తున్నానన్నాడు. నా గొంతు వినగానే అలవాటు ప్రకారం నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏటి పరీచ్చలు సేత్తన్నారు మాస్టారూ ఈమద్దిన?"

ఆ రోజు సంగతి ఎత్తి, పొరపాటయిందని మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపాడు.

"మీరు అబద్దమాడుంటే నాలుగు తిట్టీవోణ్ణి, పోయీది. మీరు నిజమే సెప్పేరు. అదే నాకు దిగట్లేదు."

మణికట్టు వదిలేశాడు. మెట్లెక్కుతూ బావను మీసం ఎలా ఉందని అడగడం వినబడింది. అతనితో నా పరిచయం అక్కడితో ముగిసింది. అతను నన్ను క్షమించలేదు. క్షమించాడని ఎవరైనా అంటే ఆధారం అడుగుతాను.

దారం ఉండ జేబులోనే పెట్టుకొని మర్నాడు కవిటి వెళ్ళాను. పేరిచ్చిన అమ్మాయి డిగ్రీ చదువుతోంది. కొబ్బరితోటల మధ్య మట్టిదారిలో అక్కతో కలిసి పరుగెత్తుతోంది. ఇద్దరి మణికట్లకూ మధ్య సన్నగా ఏదో మెరిసింది. దగ్గరికి వచ్చాక చూస్తే కుట్టుదారం. పరీక్ష సంగతి ఈ ఊళ్ళదాకా పాకింది, నేను కొనకముందే వాళ్ళు కొనుక్కున్నారు.

నన్నడిగి తెలుసుకొని నేనెవరో అక్క చెప్పగానే ఆ పిల్ల మొహం వెలిగింది. చెయ్యి ముందుకు చాపింది.

"సూడండి సార్. నెల్లాళ్ళ నుంచి ఇదే దారం. మధ్యలో ఎక్కడా ముడి కూడా ఉండదు. ఒక్కసారీ తెగలేదు."

నిజంగానే ముడి లేదు. మోచేతుల మీద మాత్రం ఎండిన గాయాలున్నాయి. గడ్డం కింద ఇంకా పచ్చిది ఒకటి ఉంది.

"ఇవేమిటమ్మా?"

పిల్ల గడ్డాన్ని చేత్తో కప్పుకుంది. అక్క నేల చూస్తూ అంది: "గొయ్యి వచ్చినప్పుడు సెయ్యి పట్టుకుంటే తెగిపోద్దని బయమండి. గొయ్యి అని అరుత్తాను. ఒక్కోసారి ఆ మాట అందుకోలేదు, పడిపోద్ది."

"పడినా పర్లేదు సార్" అని పిల్ల ముందుకు వచ్చింది. "పడితే దారం తెగదు. అక్క కూడా నాతోపాటే కూలబడిపోద్ది. అది నేర్చుకున్నాం."

పరీక్ష పెట్టినవాడు చూడవలసిన ఫలితం అది. దారం చెక్కుచెదరలేదు. నేను దాని మధ్యన రెండు వేళ్ళు వేసి లాగాను. దుకాణంలో విన్న చప్పుడే వచ్చింది.

పిల్ల చెయ్యి గాలిలో ఆగిపోయింది. తెగిన కొసను రెండో చేత్తో తడుముకుంది.

"తెంపీసేరేటి సార్? నానేటి తప్పు సేసేను? ఇంక నా పేరు సదవరా?"

అక్క ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి, నా వంక కోపంగా చూసింది. కమిటీ సమావేశం ఈ సాయంత్రమే. అధ్యక్షుడు ఏమంటాడో నాకు తెలియదు. బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళు మళ్ళీ నవ్వుతారో లేదో తెలియదు. మిగతావాళ్ళకేం కడతారని ఈసారి అడగవలసినవాణ్ణి నేనే. జవాబు వచ్చేదాకా లేవకుండా ఉండగలనో లేదో కూడా ఇంతవరకూ పరీక్షకు నిలవని సంగతే.

"చదువుతారమ్మా" అన్నాను.

నా దగ్గర ఏ ఆధారమూ లేదు.